ఇరవై ఐదొచ్చింది, నేర్చుకోమంటారా?

ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని పెద్దలన్నారు. జావాతో ఆరు నెలలు సావాసం చేస్తే మనం జావా అవడం మాట దేవుడెరుగు, జావాయే ఇంకో జావా అయి కూర్చుంటుంది. 2018 నుంచి ఇదే వరస. మార్చిలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి. ఉగాదికి అటో ఇటో ఒక వెర్షను, దసరాకి అటో ఇటో ఒక వెర్షను. పండక్కి కొత్త బట్టలు మానేసిన సంవత్సరాలు మా ఇంట్లో ఉన్నాయిగానీ, ఈ ఆనవాయితీ మాత్రం ఇంతవరకూ తప్పలేదు. 2020 మార్చిలో దేశమంతా తలుపులు బిడాయించుకుంటుంటే, ఆ నెల్లోనే 14 తాపీగా వచ్చి గుమ్మంలో నిలబడింది.

2025 సెప్టెంబరు 16న 25 కూడా వచ్చేసింది. నేర్చుకోవాలా, వద్దా?

పూర్వం ఈ బెడద ఉండేది కాదు. జావా 6 వచ్చింది 2006 డిసెంబరులో. 7 వచ్చింది 2011 జూలైలో. ఆ రెంటి మధ్య మా బ్యాచ్‌లో ఒకడు ఉద్యోగంలో చేరి, పెళ్లి చేసుకుని, అమెరికా వెళ్లి, మాంద్యంలో తిరిగొచ్చి, మణికొండలో ఫ్లాటు కొనేసుకున్నాడు. ఇదంతా ఒకే ఒక్క వెర్షను మీద! ఈరోజుల్లో అంత జీవితం గడపాలంటే తొమ్మిది వెర్షన్లు దాటాలి. జావా 9 వాయిదాల మీద వాయిదాలు పడి 2017 సెప్టెంబరుకు గానీ తేలకపోయేసరికి, దాన్ని తయారుచేసే పెద్దలకే విసుగొచ్చింది. ఇకనుంచి ఆర్నెల్లకోసారి రైలు కదిలి తీరుతుంది, సిద్ధమైన ఫీచర్లు ఎక్కుతాయి, కానివి తర్వాతి రైలుకి వస్తాయి అని తీర్మానించారు. టైముకి కదిలే రైలు మనకి అలవాటు లేదు కాబట్టి, మా ఆఫీసులో మొదట ఎవ్వరూ నమ్మలేదు. నమ్మేసరికి ప్లాట్‌ఫారం మీద మేం, దూరంగా 12, 13, 14.

అన్నీ పట్టుకోనక్కర్లేదని ఊరట కూడా వాళ్లే ఇచ్చారు. కొన్నిటికి దీర్ఘకాలం మద్దతు ఉంటుంది, వాటినే మేం ఎల్‌టీఎస్ అంటాం. 8, 11, 17, 21 ఆ కోవలోవి. మిగతావి ఆర్నెల్ల ఆయుష్షుతో పుట్టి, తర్వాతిది రాగానే పోతాయి. కొత్తగా వచ్చిన 25 కూడా ఎల్‌టీఎస్. అందుకే ఈసారి దాన్ని చూడనట్టు మొహం తిప్పుకోవడం కుదరడం లేదు.

అసలు సంగతేమిటంటే, మా ప్రాజెక్టు 8లో ఉంది.

8 అంటే 2014 మార్చిలో వచ్చినది. అది తన వెర్షను నంబరు అడిగితే 8 అని కూడా చెప్పదు, 1.8 అంటుంది. అప్పటి లెక్క అలా ఉండేది. మధ్యలో 1.2కి 'జావా 2' అని పేరు పెట్టారు, 1.5ని ఉన్నట్టుండి 5 అన్నారు. మా అత్తగారి ఊళ్లో ఒకే మనిషికి రేషన్‌కార్డులో ఒక పేరు, పొలం పాస్‌బుక్కులో ఒక పేరు ఉంటే తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిప్పుతారు. జావాని ఎవ్వరూ ఏమీ అనలేదు.

నేను జావా నేర్చుకున్నది, హైదరాబాదులో అందరూ నేర్చుకున్న చోటే. అమీర్‌పేట, మైత్రీవనం వెనక సందు. పొద్దున్నే బ్యాచ్. హాల్లో రెండొందల మంది, కాలరుకి మైకు పెట్టుకున్న సారు, వెనక బెంచీ వాళ్ల కోసం మధ్యలో వేలాడదీసిన టీవీ. కింద జిరాక్స్ షాపులో సారుగారి నోట్సు, ఎవరో పాత బ్యాచ్ అమ్మాయి గుండ్రటి చేతిరాతలో, స్పైరల్ బైండింగుతో సహా దొరికేది. ఆ అమ్మాయెవరో తెలియదుగానీ ఆంధ్ర, తెలంగాణల్లో ఒక తరం ఇంజినీర్లకి జావా ఆవిడ చేతిరాతలోనే గుర్తుంది. అక్కడ చదువు రెండు భాగాలు: కోర్ జావా, అడ్వాన్స్‌డ్ జావా. అడ్వాన్స్‌డ్ అంటే ఏ రోదసి విద్యో కాదు, 1990ల చివర్లో పుట్టిన సర్వ్‌లెట్లు, జేఎస్పీలూను. ఇప్పటికీ మా వాళ్లు వాటిని అడ్వాన్స్‌డ్ అనే అంటారు. ఒకసారి ఇచ్చిన గౌరవం వెనక్కి తీసుకోవడం మన ఇంటా వంటా లేదు.

మొదటిరోజు సారు బోర్డు మీద రాయించింది: పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్ స్ట్రింగ్ ఆర్గ్స్.

"సార్, పబ్లిక్ అంటే ఏంటి సార్?" అని ముందు వరసలోంచి ఒకడడిగాడు.

"తర్వాత చెప్తా. ఇప్పటికి రాసుకోండి."

"స్టాటిక్ అంటే సార్?"

"అదీ తర్వాతే. డౌట్లు లాస్టులో."

అంతే. రెండొందల మందిమీ దాన్ని ఉపదేశం పొందినట్టు కంఠస్థం చేశాం. అర్థం పర్థం లేకుండా ముందు నోటికి పట్టించి, అర్థం తర్వాత చూసుకోవడం మనకి కొత్తేమీ కాదు. చిన్నప్పుడు ఎక్కాలూ, పద్యాలూ అలాగే వచ్చాయి. కొన్నాళ్లకి అర్థం కూడా తెలిసింది. తెలిశాక అది ఆస్తి అయింది. 'మెయిన్ మెథడ్ స్టాటిక్‌గా ఎందుకుండాలి?' అన్నది ఇంటర్వ్యూల్లో అడిగి తీరే ప్రశ్న. దానికి నేను చెప్పే జవాబు ఎంత ధారాళంగా ఉండేదంటే, అడిగినాయన రెండో ప్రశ్న మర్చిపోయేవాడు.

25లో ఆ మంత్రం అక్కర్లేదట. పబ్లిక్ వద్దు, స్టాటిక్ వద్దు, స్ట్రింగ్ ఆర్గ్స్ వద్దు, చుట్టూ క్లాసు కూడా వద్దు. వాయిడ్ మెయిన్ అని రాసి, బ్రాకెట్లలో పని చెప్పేస్తే ప్రోగ్రాం నడుస్తుందట. ఈ సౌకర్యం 21 నుంచి 24 దాకా నాలుగుసార్లు ప్రివ్యూగా వచ్చింది, దారిలో మూడుసార్లు పేరు మార్చుకుంది, ఇప్పుడు ఖాయమైపోయింది. కొత్తగా నేర్చుకునే పిల్లలు బెదిరిపోకుండా ఈ ఏర్పాటు అని వివరణ. అంటే ఏమిటన్నమాట? మేం బెదిరినప్పుడు ఎవరికీ అనిపించలేదు! ముప్ఫయ్యేళ్లపాటు లోకమంతా బెదిరి, బెదురు తీరి, ఉద్యోగాలు చేసి, బట్టతలలు వచ్చాక ఇప్పుడు జాలి పుట్టుకొచ్చింది. పాత పద్ధతి కూడా పనిచేస్తుందని వాళ్లు భరోసా ఇస్తున్నారు, నిజమే. కానీ మెయిన్ స్టాటిక్ ఎందుకని ఇకమీదట ఎవరైనా అడిగితే, 'ఉండక్కర్లేదండీ' అని ఎదుటి కుర్రాడు రెండు ముక్కల్లో తేల్చేస్తాడే, అదీ నా బాధ.

సరే, ఆస్తినష్టం సంగతి పక్కన పెట్టి, బుద్ధిగా నేర్చుకుందామనే అనుకుందాం. అప్పుడు ప్రివ్యూలనే గండం ఒకటుంది. ఒక ఫీచరు ఖాయమయ్యే ముందు దాన్ని 'వాడి చూడండి, బాగుంటే ఉంచుతాం' అని విడుదల చేస్తారు. పెళ్లిచూపులనుకోండి. మా టీములో ఒక కుర్రాడున్నాడు. ఉత్సాహవంతుడు, నన్ను అన్నా అంటాడు కాబట్టి ఏమీ అనలేను. 2023 సెప్టెంబరులో 21 రాగానే అందులో ప్రివ్యూగా ఉన్న స్ట్రింగ్ టెంప్లేట్ల మీద మనసు పారేసుకున్నాడు. వాక్యం మధ్యలో వేరియబుల్ పేరు నేరుగా ఇరికించేసే సదుపాయం అది. మిగతా భాషల్లో ఏనాటినుంచో ఉంది. మనవాడు రాత్రులు కూర్చుని నేర్చుకుని, శుక్రవారం మధ్యాహ్నం మా అందరికీ నేర్పడానికి కేటీ సెషను పెట్టాడు. సమోసాలు తెప్పించాడు. స్లైడ్ల చివర 'జావాలో ఇక ప్లస్ గుర్తుల యుగం ముగిసింది' అని కూడా రాశాడు.

2024 మార్చిలో 22 వచ్చింది. అందులోనూ ఉన్నాయి, ప్రివ్యూగానే. ఆ సెప్టెంబరులో 23 వచ్చింది. అందులో లేవు. ఖాయం కాకపోవడం కాదు, వాయిదా పడటమూ కాదు. ఈ డిజైను మాకు నచ్చలేదు, మళ్లీ మొదట్నుంచి ఆలోచించుకుంటాం అని ఎత్తేశారు.

"అన్నా, ఇలా కూడా చేస్తారా?" అన్నాడు వాడు. మొహం చూడలేకపోయాను.

"సమోసాలు బాగున్నాయిరా" అన్నాను. ఇంకేమనాలి? మేమందరం ప్లస్ గుర్తులతోనే ఉన్నాం.

ఇంకోవైపు అసలు పెళ్లిపీటల దాకా రాని సంబంధాలు కూడా ఉన్నాయి. వెక్టర్ ఏపీఐ అని ఒకటుంది. 2021 మార్చిలో 16తోపాటు, ప్రివ్యూకి కూడా ముందు దశైన ఇంక్యుబేటర్లో పెట్టారు. 17లో రెండోసారి, 18లో మూడోసారి... 25లో పదోసారి కూడా ఇంక్యుబేటర్లోనే ఉంది. దాని తప్పేమీ లేదు. వల్హల్లా అనే పెద్ద ప్రాజెక్టు పూర్తయితే గానీ ఇది బయటికి రాదని ముందే ఒప్పందం. ఆ వల్హల్లా 2014లో మొదలైంది. అన్నయ్య పెళ్లి కాందే తమ్ముడికి చెయ్యరు కదా. పాపం స్ట్రక్చర్డ్ కాంకరెన్సీ అనే ఇంకో ఫీచరు రెండుసార్లు ఇంక్యుబేటర్లో ఉండి, 25లో ఐదో ప్రివ్యూలో ఉంది. 25లో మొత్తం పద్ధెనిమిది మార్పులొచ్చాయని అన్నప్పుడు, అందులో ఎన్ని నిన్నటివి, ఎన్ని మొన్నటివి, ఎన్ని రేపు ఉంటాయో లేదో తెలియనివి అని కాస్త వేరు చేసి చూసుకోవాలి.

మా ఆఫీసులో పెద్దాయన ఒకరున్నారు. రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నారు. ఒకప్పుడు పెర్ల్ రాసేవారు. వెర్షన్ల ప్రస్తావన వస్తే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటారు, అంటే కథ వస్తోందన్నమాట.

"2000లో పెర్ల్ సృష్టికర్త లారీ వాల్, పెర్ల్ 6 అని ప్రకటించాడండీ. అప్పటికి మావాడు ఎల్‌కేజీ. ఇక 5 ఎందుకు, 6 వచ్చాక అదే నేర్చుకుందాంలే అని ఊరుకున్నాను. క్రిస్మస్‌కి వస్తుందన్నారు. ఏ క్రిస్మస్ అని అడిగితే చెప్పరు. చివరికి నిజంగానే క్రిస్మస్‌కే వచ్చిందండీ, 2015 క్రిస్మస్‌కి. అప్పటికి మావాడు ఇంజినీరింగ్ ఫస్టియర్."

"అప్పుడైనా నేర్చుకున్నారా సార్?"

"మొదలెట్టాను. ఇంతలో 2019లో అది అసలు పెర్లే కాదు, వేరే భాష, పేరు రాకు అన్నారు."

రాకు అంటే రాకు అనే మాకు వినిపించింది. భాషే స్వయంగా రావద్దంటే ఇక ఎవరు మాత్రం ఏం చేస్తారు?

పైథాన్ వాళ్లది ఇంకో చోద్యం. వాళ్లకి 3 వచ్చింది 2008 డిసెంబరులో. ప్రింట్ అనే మాట పక్కన బ్రాకెట్లు పెట్టాలన్నారు. అదొక్కటే కాదు, ఇంకా చాలా మారాయిగానీ, జనం గొడవపడింది ఎక్కువగా బ్రాకెట్ల గురించే. 2కి 2015తో సరి అని గడువు పెట్టారు. ఎవరూ కదల్లేదు. ఆ గడువుని 2020 జనవరి 1కి జరిపారు. అప్పటికి గానీ అయిష్టంగా మూటాముల్లె సర్దుకున్నారు. పదకొండేళ్లకి పైచిలుకు! మన దగ్గర ఇంటిపన్ను వడ్డీ మాఫీ కోసం ఎదురుచూసేవాళ్లు వీళ్ల ముందు దిగదుడుపే. ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెడితే తేలేదేమిటంటే, వాయిదా వేసినవాళ్లు ఒకచోట బాగుపడ్డారు, ఒకచోట చివరికి పరిగెత్తారు. సామెతల్ని అడిగినా ఇదే తంతు. నిదానమే ప్రధానం అంటుంది ఒకటి. ఆలస్యం అమృతం విషం అంటుంది ఇంకొకటి. రెండూ ఒకే బడిలో, ఒకే పంతులుగారు చెప్పారు.

జావాలో మాత్రం ఆ పరుగు ఉండదు. ఎప్పుడో రాసి కంపైల్ చేసిపెట్టిన ప్రోగ్రాము చాలావరకు ఇప్పటికీ మారుమాటాడకుండా నడుస్తుంది. అదే దాని గొప్పతనం, మా బద్ధకానికి మూలకారణం కూడా అదే. మా నాన్నగారు కరెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ఓరోజు నా వెనక నిలబడి ల్యాప్‌టాప్ చూస్తూ అడిగారు.

"ఏంట్రా అంత దీర్ఘాలోచన?"

"కొత్త వెర్షన్ వస్తోంది నాన్నా. నేర్చుకోవాలా వద్దా అని."

"ఇప్పుడున్నది పనిచెయ్యట్లేదా?"

"చేస్తోంది."

"కొత్తది వస్తే ఆగిపోతుందా?"

"ఆగదు."

"నేర్చుకుంటే జీతం పెంచుతారా?"

"పెంచరు."

"మరింకేం ఆలోచిస్తున్నావురా?" అని ఆయన పేపరు తీసుకుని వెళ్లిపోయారు. ఈ మూడు ప్రశ్నలూ మా మేనేజరుకి తెలిస్తే మైగ్రేషన్ బడ్జెట్ మీటింగు మూడు నిమిషాల్లో ముగించేస్తాడు. అందుకని ఆఫీసులో చెప్పలేదు.

నిజానికి ఆఫీసులో వెర్షను మార్చడమంటే నేర్చుకోవడం కంటే వెయ్యిరెట్లు పెద్ద తతంగం. 8 నుంచి 11కి వెళ్తే ఎక్స్‌ఎంఎల్ చదివే జాక్స్‌బీ జావాలోంచి తీసేశారు కాబట్టి విడిగా తెచ్చి పెట్టుకోవాలి. స్ప్రింగ్ బూట్ 3 కావాలంటే కనీసం 17 ఉండాలి. అక్కడికి వెళ్తే జావాఎక్స్ అని ఉన్న ఇంపోర్టులు జకార్తా అని మార్చాలి, అన్నీ కాదు, కొన్ని. జావా అనేది ఇండోనేషియాలో ఒక దీవి, జకార్తా ఆ దీవిలోనే ఒక ఊరు. జావా పేరు వాడుకునే హక్కులు దాని యజమాని ఒరాకిల్ దగ్గర ఉండిపోవడంతో, ఈ ప్యాకేజీల బాధ్యత తీసుకున్న కొత్తవాళ్లు దీవి నుంచి ఊళ్లోకి మకాం మార్చుకున్నారు. దాని ఫలితంగా హైదరాబాదులో మాబోటివాళ్లు వేల ఫైళ్లలో పేర్లు మారుస్తూ కూర్చున్నారు. ఇదంతా చెప్తే క్లయింటు అడిగే ప్రశ్న ఒక్కటే: "దీనివల్ల స్క్రీను మీద ఏం మారుతుంది?" ఏమీ మారదు. అంతా బాగా చేస్తే బొత్తిగా ఏమీ మారదు. ఇలాంటి పనికి డబ్బులడగడానికి గుండె కావాలి.

ఇంటర్వ్యూల సంగతి ఇంకా విచిత్రం. ప్రపంచం 25 దగ్గరికి వచ్చిందా? ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఇప్పటికీ 'జావా 8 ఫీచర్లు చెప్పండి' అనే. లాంబ్డాలు, స్ట్రీములు, ఆప్షనల్, కొత్త డేట్ టైము. తర్వాత తప్పకుండా 'ఉద్యోగుల లిస్టులో రెండో అత్యధిక జీతం ఎవరిదో స్ట్రీములతో కనుక్కోండి' అంటారు. ఈ దేశంలో రెండో అత్యధిక జీతం ఎవరిదో కనుక్కున్నన్నిసార్లు మొదటిది ఎవరూ కనుక్కోలేదు. నేను కనుక్కున్న ఏ లిస్టులోనూ ఆ మనిషి నేను కాదు. రెజ్యూమెలో మాత్రం అందరం '8, 11, 17, 21' అని వరసగా రాసుకుంటాం. అడిగేవాళ్లూ 8లోనే ఉన్నారు కాబట్టి పరస్పర గౌరవం.

"ఇవన్నీ ఎందుకన్నా, ఏఐ రాసేస్తుంది కదా" అంటాడు సమోసాల కుర్రాడు. వాడు చెప్పేదీ నిజమే. మొన్న దాన్నే ఒక చిన్న క్లాసు రాయమన్నాను. చక్కగా రికార్డు అని రాసిచ్చింది. రికార్డులు 16లో ఖాయమయ్యాయి. 8లో కంపైల్ చేస్తే ఎర్రగీతలు. మాది 8 అని చెప్తే, క్షమించమని అడిగి, 'వార్' అని టైపు పెట్టి ఇంకోటి రాసింది. అది 10లో వచ్చింది. దానికి తెలిసినంత జావా నాకు తెలిస్తే గానీ దాన్ని వద్దనడం నాకు కుదరదు. కొత్త వెర్షను వాడటానికి కాదు, వాడకుండా ఉండటానికి నేర్చుకోవలసిన రోజులొచ్చాయి.

ఇన్నిటిమధ్య నన్ను నిజంగా ఊరించింది ఒకే ఒక్క మార్పు. అది 25లోది కూడా కాదు. చెప్తాను.

నైట్ సపోర్టు ఉన్నప్పుడు అర్ధరాత్రి ఫోనొస్తుంది. లాగ్ ఫైలు తెరిస్తే నల్ పాయింటర్ ఎక్సెప్షన్, ఫలానా క్లాసు, 214వ లైను. 8లో అంతే చెప్తుంది, ఇంకొక్క అక్షరం ఎక్కువ చెప్పదు. ఆ 214వ లైనుకి వెళ్తే అక్కడ ఉంటుంది: ఆర్డర్ చుక్క గెట్ కస్టమర్ చుక్క గెట్ అడ్రస్ చుక్క గెట్ పిన్‌కోడ్ చుక్క ట్రిమ్. ఈ గొలుసులో ఏదో ఒక లంకె లేదు. ఆర్డరే లేదా? ఆర్డరుండి కస్టమర్ లేడా? కస్టమరున్నాడుగానీ ఇల్లు లేదా? ఇల్లుండి పిన్‌కోడ్ లేదా? దానికి ఖాయంగా తెలుసు, చెప్పదు. అవతల ఫోన్లో క్లయింటు, ఇవతల పక్కగదిలోంచి మా ఆవిడ, "ఏమండీ, లైటు తీసి మాట్లాడుకోండి, పిల్లకి పొద్దున్నే స్కూలు" అని. చీకట్లో కూర్చుని, డేటాబేస్‌లో ఒక్కొక్క టేబులూ తెరిచి, ఆ ఇల్లు లేని మనిషిని వెతుక్కోవాలి.

14లో దీన్ని సరిచేశారు. మొదట అడిగితేనే చెప్పేది, 15 నుంచి అడక్కుండానే చెప్తోంది: గెట్ అడ్రస్ నల్ ఇచ్చింది కాబట్టి గెట్ పిన్‌కోడ్‌ని పిలవలేకపోయాను అని, పూర్తి వాక్యంలో. పద్ధెనిమిది మార్పులూ, పదోసారి ఇంక్యుబేటరూ ఒక ఎత్తు, ఈ ఒక్క వాక్యం ఒక ఎత్తు. కొత్త భాషల మీద రాసేవాళ్లెవరూ దీన్ని పొగడరు. సమావేశాల్లో స్లైడ్లు వెయ్యరు. రాత్రిపూట నిద్రలేచేవాళ్లు మాత్రం దీనికి హారతి పడతారు. కొత్త వెర్షనులో ఎంత తక్కువ టైపు చెయ్యొచ్చో అని లెక్కలు వేస్తారుగానీ, ఎంత ఎక్కువసేపు పడుకోవచ్చో ఎవరూ లెక్క వెయ్యరేం?

ఈ ఫీచరు చూశాకే నేనొక నిర్ణయానికి వచ్చాను. అది కూడా జావాని చూసే నేర్చుకున్నాను. ఎందుకంటే ఆలస్యంలో జావాని మించిన గురువు లేడు. లాంబ్డాలు లిస్ప్‌లో 1958 ప్రాంతంలోనే ఉన్నాయి. సీ షార్ప్‌లోకి 2007లో వచ్చాయి. జావా తీరిగ్గా 2014లో తెచ్చుకుంది. తేలికపాటి థ్రెడ్లతో గో భాష 2009 నుంచి ఊరేగుతుంటే, జావా 2023లో 21తోపాటు వర్చువల్ థ్రెడ్లని దించింది. ఇదేమిటండీ అంటే, ముందు మిగతావాళ్లని తప్పులు చెయ్యనిచ్చి, అవన్నీ చూసుకుని చివర్న దిగడంలోనే లాభముంది అని దాని పెద్దలు దర్జాగా చెప్పుకుంటారు. పైగా అలా దిగినప్పుడు బాగానే దిగుతారు, అదీ ఒప్పుకోవాలి. భాష తానే ఈ సూత్రం మీద ముప్ఫయ్యేళ్లు బతికినప్పుడు, దాన్ని నమ్ముకున్నవాణ్ని నేనెందుకు తొందరపడాలి?

కాబట్టి నా నిర్ణయం ఇది. 25 వచ్చింది కనుక, ఇప్పుడు 21 నేర్చుకుంటాను. రెండేళ్లు జనం వాడి, తిట్టి, తప్పులు పట్టి, ఒరాకిల్ వాళ్లచేత దిద్దించి, యూట్యూబులో తెలుగులో కూడా పాఠాలు చెప్పేసిన వెర్షను అది. 2027 సెప్టెంబరులో 29 వస్తుంది, అదీ ఎల్‌టీఎస్సే. అప్పుడు 25 సంగతి చూస్తాను. ప్రివ్యూ అని రాసి ఉన్నదాని జోలికి పోను. ఇంక్యుబేటర్ అని ఉంటే ఆ గదిలోకే వెళ్లను. దీన్ని మా కుర్రాడు బద్ధకం అన్నాడు. పాలసీ అని దిద్దాను. మేనేజరుకి ఇదే మాట మెయిల్లో పెడితే, ఆయన 'స్ట్రాటజీ' అని మార్చి పైకి పంపాడు.

మీరూ జావా మీద బతికేవాళ్లయితే, ఒక్కసారి మీ లెక్క మీరు చూసుకోండి. ఒరాకిల్ వాళ్లు డబ్బు కట్టేవాళ్లకి జావా 8 మీద 2030 డిసెంబరు దాకా మద్దతు ఇస్తామన్నారు. మా ఇంటి లోను 2038 దాకా ఉంది. ఆ మధ్య ఉన్న ఎనిమిదేళ్ల కోసమే నేను 21 నేర్చుకుంటున్నాను.